గండి పడకముందు ఖర్చు పెట్టండి

వరద తగ్గిన మర్నాడు మన జిల్లాల్లో ఒకే చర్చ మొదలవుతుంది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఎంత ఇచ్చారు? కూలిన ఇంటికి ఎంత రాస్తారు? కేంద్ర బృందం ఎప్పుడొస్తుంది? అధికార పక్షం ఇచ్చినదాని లెక్క చెబుతుంది, ప్రతిపక్షం ఇవ్వనిదాని లెక్క చెబుతుంది. ఇద్దరూ ఒప్పుకునే మాట ఒకటుంది. విపత్తు నిధి అంటే విపత్తు వచ్చాక పంచే డబ్బు. ఎంత ఎక్కువ పంచితే అంత మంచి ప్రభుత్వం, ఎంత త్వరగా పంచితే అంత సమర్థుడైన కలెక్టరు. ముందుగానే ఖర్చు పెట్టడమంటే రాని వరద కోసం ఉన్న డబ్బు తగలేయడం. దాతలూ, స్వచ్ఛంద సంస్థలూ, అమెరికాలో స్థిరపడిన మనవాళ్లూ చాలామంది ఇదే నమ్ముతున్నారు. తాము పంపిన ప్రతి రూపాయీ బియ్యం సంచి రూపంలోనో దుప్పటి రూపంలోనో బాధితుడి చేతిలో కనిపించాలని కోరుకుంటున్నారు.

ఈ అభిప్రాయం తప్పు. దీనివల్ల ప్రాణాలు పోతున్నాయి, పేదవాళ్లు ఇంకా పేదవాళ్లవుతున్నారు, ఉన్న డబ్బు ఎటు పోతోందో అడిగే దిక్కు లేకుండా పోతోంది. ఇందుకు సాక్ష్యం ఎక్కడో వెతకక్కర్లేదు. తిరుపతి, చిత్తూరు జిల్లాలు చాలు.

ఈ అభిప్రాయానికి మన ప్రాంతంలో మొదటి ఆసరా, మనది కరువు సీమ అన్న మాట. ఇక్కడ వరద ఎప్పుడో నూరేళ్లకొకసారి వచ్చే వింత, దాని కోసం ముందే ఏర్పాట్లేమిటి అంటారు. నూరేళ్ల సంగతి పక్కనపెట్టి, దగ్గరి లెక్కే చూద్దాం. 2015 నవంబరులో చెన్నైని ముంచిన వానలు చిత్తూరు, నెల్లూరు జిల్లాలనూ వదల్లేదు. 2020 నవంబరులో నివర్ తుపాను వచ్చింది. ఏడాది తిరక్కుండానే 2021 నవంబరు వరదలు వచ్చాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తిరుపతి జిల్లా తీరాన్ని కుదిపేసింది. తొమ్మిదేళ్లలో నాలుగుసార్లు వచ్చినదాన్ని వింత అనలేం. ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే, శేషాచలం కొండల మీద కురిసిన నీరంతా కొన్ని గంటల్లో ఊళ్ల మీదికి దిగుతుంది. ఇది ఇక్కడి భూగోళం, దాన్ని మార్చలేం.

2021 నవంబరు 18న ఏం జరిగిందో తిరుపతి మర్చిపోలేదు. ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి. శ్రీవారి మెట్టు దారి ఎంతగా దెబ్బతిందంటే, మళ్లీ తెరవడానికి 2022 మే నెల దాకా పట్టింది. లక్ష్మీపురం సర్కిల్, కొరమేనుగుంట ప్రాంతాల్లో వీధులు కాలువలయ్యాయి. స్వర్ణముఖి ఒడ్డున తిరుచానూరు దగ్గర ఇల్లు ఏటిలోకి కుప్పకూలడం రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. చిత్తూరు పట్టణంలో నీవా నది ఇళ్లలోకి వచ్చింది. దీనికి నెల ముందు, అక్టోబరులోనే, తిరుపతి వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వాననీటిలో వాహనం చిక్కుకుని, కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన ఒక యువతి చనిపోయింది. అక్కడ నీళ్లు నిలుస్తాయని ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనిది ఆ రాత్రి కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లకే. ఒక అడ్డుకర్ర, ఒక కాపలా మనిషి, నీరు ఇంత లోతు దాటితే దారి మూసేయాలన్న ఒక ఉత్తరువు ఉంటే చాలేది. ఆ ఖర్చు ఏ విపత్తు పద్దులోనూ పెద్ద అంకె కాదు.

నవంబరు 21న రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకేజీ కనిపించింది. విజయనగర కాలం నాటిదని చెప్పుకునే పెద్ద చెరువు అది. కింది ఊళ్లవాళ్లు పిల్లల్ని, ముసలివాళ్లను, పశువులను తీసుకుని మిట్ట ప్రాంతాలకు పరుగెత్తారు. ఇసుక బస్తాలు తెచ్చారు, తిరుపతి ఐఐటీ నుంచి నిపుణులు వచ్చారు, రాత్రింబవళ్లు కాపలా కాశారు. కట్ట నిలిచింది. నిలబెట్టినవాళ్ల శ్రమకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ కట్టను చివరిసారి అడుగడుగునా నడిచి చూసిందెవరు, ఎప్పుడు, ఏ రిజిస్టరులో రాశారు?

చెరువు కట్ట ఒక్క రాత్రిలో బలహీనపడదు. కట్ట మీద కంపచెట్లు మొలుస్తాయి, వేళ్లు లోపలికి దిగుతాయి. చెట్టును కొట్టేసినా వేరు కుళ్లి, ఆ చోటు నీటికి దారి అవుతుంది. ఎలుకలు, ఎండ్రకాయలు బొక్కలు చేస్తాయి. తూము తలుపు తుప్పు పట్టి కదలదు. మొరవ మీద కాస్త ఎక్కువ నీళ్లు నిలవాలని ఇసుక బస్తాలు పేరుస్తారు, చేపలు పోకుండా వలలు కడతారు. వరవ కాలువలో ఎవరో పునాది తీస్తారు. వాన ముంచుకొచ్చిన రోజు ఈ తప్పులన్నీ ఒకేసారి బయటపడతాయి. కట్ట కింద ఊరే నీరు తేటగా ఉన్నంతసేపు భయం లేదని, బురదరంగు తిరిగితే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టేనని చెరువు నీటిని కనిపెట్టుకుని ఉండే పాతకాలపు నీరుగంటికి చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు ఆ చూపు ఉన్న మనిషికి జీతమిచ్చే పద్దు లేదు. కరువు సీమ కాబట్టి వరద పని అనవసరమనేవాళ్లు గమనించాల్సింది ఇదే. కరువును ఆపేదీ, వరదను ఆపేదీ ఆ చెరువే. ఎండాకాలంలో దాన్ని వదిలేసినవాడు వానాకాలంలో దాని చేతిలో మునుగుతాడు.

పక్క కడప జిల్లాలో ఇంతకంటే ఘోరం జరిగింది. నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదన్న సంగతి ఆ తర్వాత పార్లమెంటు దాకా వెళ్లింది. ఒక గేటు మరమ్మతుకయ్యే ఖర్చునూ, ఆ ఊళ్లలో పోయినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ముందు ఖర్చు వృథా అనే మాట నోట రాదు. ఆ వరదల నష్టం రూ. 6,054 కోట్లని, తక్షణం రూ. 1,000 కోట్లు ఇవ్వాలని అప్పటి ముఖ్యమంత్రి ప్రధానికి లేఖ రాశారు. అడగడంలో తప్పు లేదు. తెగిన తర్వాత అడగడానికే మనం అలవాటు పడిపోయామన్నది అసలు బాధ.

రెండో వాదన, డబ్బెక్కడిది? నిధులే ఉంటే ముందు ఏర్పాట్లు ఎవరు వద్దంటారు అంటారు. నిధులున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాలన్నిటికీ కలిపి రూ. 1,60,153 కోట్ల విపత్తు నిర్వహణ నిధిని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాలకు అందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం పెట్టాలి. ఆ నిధిలో ప్రతి నూరు రూపాయల్నీ సంఘం ఎలా పంచిందో చూడండి. తక్షణ సాయానికి 40, పునర్నిర్మాణానికి 30, సన్నద్ధతకు 10, విపత్తు ముప్పును ముందే తగ్గించే పనులకు 20. అంటే ముప్పై రూపాయలు విపత్తు రాకముందే ఖర్చు పెట్టాలని దేశంలోని అత్యున్నత ఆర్థిక సంఘమే రాసిపెట్టింది. పాత నిబంధనల్లో తెగిన చెరువు మరమ్మతుకు చోటుంది, తెగబోయే చెరువుకు చోటు లేదు. ఆ లోపాన్ని సరిచేయడానికే ఈ 20 శాతం పుట్టింది. ఇంకా వెనక్కి వెళితే, 2005 విపత్తు నిర్వహణ చట్టం 48వ సెక్షన్ ప్రతి జిల్లాకూ రెండు నిధులుండాలంది. ఒకటి విపత్తు వచ్చినప్పుడు ఆదుకోవడానికి, రెండోది ముప్పు తగ్గించడానికి. తిరుపతిలో, చిత్తూరులో ఈ రెండో నిధి ఖాతాలో ఎంత ఉందో, ఏ పనికి ఎంత ఇచ్చారో చెప్పే కాగితం ఏ గ్రామ సచివాలయం గోడ మీదా కనిపించదు.

ఎవరూ చూడని డబ్బుకు ఏమవుతుందో కూడా మనకు తెలుసు. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి రూ. 1,100 కోట్లను వ్యవసాయ శాఖ వ్యక్తిగత డిపాజిట్ (పీడీ) ఖాతాకు మళ్లించారు. కొవిడ్ మృతుల కుటుంబాలకు రూ. 50,000 చొప్పున చెల్లించాల్సిన నిధి అదే. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు వారాల్లో ఆ సొమ్మును తిరిగి విపత్తు నిధిలో జమ చేయాలని 2022 జులైలో కోర్టు ఆదేశించింది. ఇది ఒక పార్టీ కథగా చూస్తే మనకు ఉపయోగం లేదు. విపత్తు నిధి అంటే ఎప్పుడో అవసరం వచ్చినప్పుడు తీసే డబ్బు అని అందరూ అనుకుంటున్నంతకాలం, అవసరం రాని రోజుల్లో అది ఎవరికైనా ఖాళీగా పడి ఉన్న సొమ్ములాగే కనిపిస్తుంది. అదే సొమ్ము ఫలానా చెరువుకు ఇంత, ఫలానా కాలనీకి ఇంత అని ముందే పేర్లు రాసి ఉంటే, దాన్ని కదిలించడానికి చెయ్యి వణుకుతుంది. ముందస్తు ఖర్చే నిధికి కాపలా.

మూడో వాదన మనసుకు తగిలేది. ఇల్లు కొట్టుకుపోయిన మనిషి ముందు నిలబడి ముందస్తు ప్రణాళికల గురించి మాట్లాడతావా, అతనికి ఈ రాత్రికి అన్నం కావాలి, రేపటికి డబ్బు కావాలి అంటారు. నిజం. సాయం ఆపమని ఎవరూ అనడం లేదు. అయితే సాయం ఎవరికి అందుతుందో కూడా నిజాయితీగా చూడాలి. వరద తర్వాత వచ్చే డబ్బు కాగితం చూసి వస్తుంది. పట్టా ఉండాలి, ఆధార్ ఉండాలి, రేషన్ కార్డు ఉండాలి, బ్యాంకు ఖాతా ఉండాలి. స్వర్ణముఖి గట్ల మీద, చెరువు కట్టల వార గుడిసెలు వేసుకున్న యానాది కుటుంబాల్లో ఇవన్నీ సక్రమంగా ఉన్నవెన్ని? ఇల్లే పట్టా లేని చోట ఉన్నప్పుడు కూలిన ఇంటి జాబితాలో పేరెక్కడ రాస్తారు? పొలం మునిగితే పెట్టుబడి రాయితీ ఎవరికి పోతుంది? పాసు పుస్తకం ఉన్న ఆసామికి. ఆ పొలంలో వేరుశనగ వేసి అప్పు చేసిన కౌలు రైతు, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు తెచ్చుకోవాలంటే ఆ ఆసామి సంతకమే అడగాలి. అతను సంతకం పెట్టకపోతే ఆ రైతు మన లెక్కల్లో రైతే కాదు.

బలపరిచిన కట్ట ఎవరినీ కాగితం అడగదు. దాని కింద పట్టా ఉన్నవాడూ, లేనివాడూ, దళితవాడా, ఊరూ, కౌలు రైతూ, ఆసామీ ఒకేలా బతుకుతారు. పల్లంలో ఉన్న కాలనీకి వరదనీరు పోయే కాలువ తవ్వితే అది కులం చూసి పారదు. విపత్తు సొమ్ములో అందరికీ సమానంగా అందే భాగం ఏదైనా ఉందంటే, అది విపత్తు రాకముందు ఖర్చు పెట్టిన భాగమే. పేదల పేరు చెప్పి ముందస్తు ఖర్చును వ్యతిరేకించేవాళ్లు ఈ సంగతికి జవాబు చెప్పాలి.

పైగా డబ్బు చేతికివ్వడం కూడా విపత్తుకు ముందే చేయొచ్చు. 2020 జులైలో బంగ్లాదేశ్‌లో జమునా నది పొంగబోతోందన్న అంచనా రాగానే ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి 52 లక్షల డాలర్లు విడుదల చేసింది. వరద పతాక స్థాయికి చేరకముందే పేద కుటుంబాలకు తలా 4,500 టాకాల చొప్పున అందాయి. ఆ డబ్బుతో మనుషులు తిండిగింజలు కొనుక్కుని, పశువులను తెగనమ్ముకోకుండా మిట్టకు తోలుకుపోయే వీలు కలుగుతుంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలన్నారు. వాన రాకడ ఇప్పుడు తెలుస్తోంది. 2021 నవంబరు 19 వేకువన పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటిన వాయుగుండం గురించి వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. ఆ హెచ్చరిక పడవ కట్టేసుకోమని జాలరికి చెప్పింది, బడికి సెలవిమ్మని కలెక్టరుకు చెప్పింది. ఏటి గట్టు మీది కుటుంబానికి ఆ రోజు రూ. 2,000 ఇచ్చి, బండి పెట్టి బంధువుల ఊరికి పంపమని మాత్రం ఏ ఖాతాకూ చెప్పలేదు. అలా చెప్పే నిబంధన మనకు లేదు.

నాలుగో వాదన, ముందే ఖర్చు పెడితే కాంట్రాక్టర్లు తింటారు. ఇది కొట్టిపారేయదగ్గ భయం కాదు. పూడిక తీశామని బిల్లులు పెట్టి, పూడిక అక్కడే ఉన్న చెరువులు మనం చూశాం. కానీ దొంగతనానికి అసలైన అనువు ఎక్కడుందో చట్టమే చెబుతుంది. విపత్తు నిర్వహణ చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ముంచుకొచ్చిన ఆపదలో సామగ్రి కొనడానికి టెండర్లు పిలవనక్కర్లేదు. ఆపదలో అది అవసరమే, తప్పు పట్టను. అయితే టెండరు లేని కొనుగోలు, అరిచే జనం, పరుగెత్తే అధికారి, చీకటి, వాన, ఇన్ని కలిసిన చోట లెక్క ఎలా నిలుస్తుంది? ఫిబ్రవరిలో, మార్చిలో, ఎండిన చెరువులో జరిగే పనిని ఊరంతా కళ్లారా చూడొచ్చు, కొలవొచ్చు, అడగొచ్చు. ఉపాధి హామీ 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ పనులకు ఊరి మధ్య కూర్చుని మస్టరు చదివి వినిపించే సామాజిక తనిఖీని ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టి దేశానికి దారి చూపింది మన రాష్ట్రమే. ఆ తనిఖీని విపత్తు నిధికి ఎందుకు వర్తింపజేయకూడదు? అవినీతి భయం నిజమైనదైతే, దాని పర్యవసానం ముందు ఖర్చు పెట్టి తనిఖీ చేయడమే కావాలి.

ఐదో వాదన కాస్త నెమ్మదిగా, నాలుగు గోడల మధ్య వినబడుతుంది. ఊరివాళ్లకు డబ్బు అప్పజెబితే లెక్కాపత్రం ఉండదట. ఈ ప్రాంతం చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. చెరువు కట్టించి, దాన్ని మరమ్మతుల్లో ఉంచే వ్యక్తికి ఆయకట్టు రాబడిలో పదో వంతు వదిలేసే దశబంధం పద్ధతి రాయలసీమ అంతటా నడిచింది. కట్ట పాడైతే ఆ హక్కూ పోయే ఏర్పాటది. ఆపద రాకముందే, పని పేరు మీద, ఊళ్లోనే కట్టుబడి ఉన్న ఆదాయం అన్నమాట. తిరుమల ఆలయం సంగతి ఇంకా గొప్పది. విజయనగర కాలంలో భక్తులు నైవేద్యాల కోసం సమర్పించిన ధనాన్ని ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టుబడిగా పెట్టి, పెరిగిన పంటతో ఆ నైవేద్యాలు జరిపేవారు. తిరుమల శాసనాలు దీనికి ఆధారం, చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో దీని మీద వివరంగా రాశారు. స్వామికిచ్చిన సొమ్ము కూడా కట్టల మీదుగా, కాలువల మీదుగా తిరిగి స్వామికి చేరిన నేల ఇది. ఇక్కడ ప్రజల సొమ్ము చెరువు దాకా రావడం సాధ్యం కాదంటే ఎలా నమ్మడం?

ఆ పాత వ్యవస్థలో కులాల అన్యాయం ఉంది, దాన్ని తిరిగి తెమ్మని నేననను. పని కోసం ముందే కట్టుబడిన సొమ్ము అన్న సూత్రం మాత్రం తీసుకోవాలి. దాన్ని మోయగల చేతులు ఇప్పుడు ఇంకా ఎక్కువ ఉన్నాయి. 1997 చట్టం కింద సాగునీటి సంఘాలున్నాయి. నెలనెలా పొదుపు జమ చేసి, తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, బ్యాంకుకు బాకీ తీర్చే డ్వాక్రా మహిళలున్నారు. అప్పు ఇచ్చేటప్పుడు వాళ్ల లెక్క నమ్మే ప్రభుత్వం, కట్ట కాపలా డబ్బు ఇచ్చేటప్పుడు ఎందుకు నమ్మదు?

దాతలకూ ఒక మాట చెప్పాలి. మీ రూపాయి జీతానికి పోకూడదని పట్టుబడుతున్నారు. సన్నద్ధత అంటే చాలావరకు జీతమే. కట్ట నడిచి చూసే మనిషి, యానాది కాలనీలో ఆధార్ కాగితాలు సరిచేయించే కార్యకర్త, గట్టు మీది కుటుంబాల జాబితా ఏడాది పొడవునా సరిచూసే అమ్మాయి. వీళ్లకు జీతం లేకపోతే వరద రోజున మీ దుప్పటి ఎవరికివ్వాలో చెప్పేవాళ్లే ఉండరు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించారు. ఒక సంస్థకు వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకుండా నిషేధించారు. పెద్ద సంస్థ నుంచి మారుమూల చిన్న సంస్థకు డబ్బు చేరే దారి మూసుకుపోయింది. అందుకే ఇక్కడి దాతలు, ఇక్కడి సంఘాల పని ఇంకా ముఖ్యమైంది.

ఇన్ని తెలిసీ ఈ అభిప్రాయం ఎందుకు చావడం లేదు? తెగని కట్టకు ఫొటో లేదు కాబట్టి. అమెరికాలో ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే పరిశోధకులు 2009లో తేల్చిందేమంటే, విపత్తు తర్వాత సాయం పంచిన పార్టీకి ఓటర్లు ఓట్లేస్తారు, ముందే జాగ్రత్తపడిన పార్టీకి వేయరు. జాగ్రత్తకు పెట్టిన ఒక డాలరు ముందు ముందు పదిహేను డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని కూడా వాళ్లే లెక్క కట్టారు. నాయకులు మనం అడిగేదే ఇస్తున్నారు. కాబట్టి అడగడం మారాలి.

ఏం అడగాలి? జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు, సహాధ్యక్షులు జిల్లా పరిషత్ చైర్‌పర్సన్. ఆ ఇద్దరినీ అడగాలి. ముప్పు తగ్గించే నిధి ఖాతాలో ఎంత ఉందో, ఈ ఏడాది ఏ ఊళ్లో ఏ పనికి ఇచ్చారో ప్రతి సచివాలయం గోడ మీద రాయించమనాలి. ఏటా జూన్ ముప్పైలోగా ప్రతి చెరువు కట్టనూ ఇంజనీరు, సాగునీటి సంఘం, మహిళా సంఘం కలిసి నడిచి, చూసినదాన్ని గ్రామసభలో చదివి వినిపించమనాలి. సెప్టెంబరు ముప్పైలోగా ప్రమాదకరమైన కట్టల పని పూర్తి కావాలి, తూములు కదలాలి, మొరవలు ఖాళీ కావాలి. గట్ల మీద, పల్లంలో ఉన్న కుటుంబాల జాబితా కాగితాలతో నిమిత్తం లేకుండా సిద్ధంగా ఉండాలి, రెడ్ అలర్ట్ పడిన గంటలో వాళ్ల చేతికి డబ్బు చేరే ఉత్తరువు ముందే సంతకమై ఉండాలి. ఆ ఖర్చంతటికీ సామాజిక తనిఖీ జరగాలి.

ఈసారి ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, వరదకు ఎంత పంచావని అడగడం మానేద్దాం. మా చెరువు కట్ట మీద నువ్వు ఎప్పుడు నడిచావు, దానికి ఎంత ఖర్చు పెట్టించావు, ఆ లెక్క ఎక్కడుంది అని అడుగుదాం. జవాబు చెప్పలేనివాడికి ఓటు లేదని చెబుదాం.